పైన పదహారు

ములకలపల్లి
14 జూన్ 1991

చిరంజీవి హైమకు నీ వదిన ఆశీస్సులు.

మీ అన్నయ్య మోకాలు తప్ప ఇంట్లో అంతా కులాసా. ఆ మోకాలు కూడా పొలానికి వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది. నాతో సంతకు రమ్మంటేనే నొప్పి పుడుతుంది.

నువ్వు పంపిన వీసా ఫారం మీద ఆయన సంతకం పెట్టారు. ‘సంరక్షకుడు’ అని ఉన్నచోట పెట్టేముందు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అత్తయ్యా మామయ్యా పోయాక నిన్ను పెంచింది ఆయనే కదా. ఆ మాట అచ్చులో చూసుకోవడం ఇదే మొదటిసారి అనుకుంటాను. తర్వాత లేచి వెళ్ళి, ఏ అవసరమూ లేకుండా దూడను విప్పి మళ్ళీ కట్టేశారు.

కాగితాలు హైదరాబాదుకు తిప్పి పంపితే జులై చదువుకు అందవన్నావుగా, అందుకని ఇక్కణ్ణుంచే నేరుగా ఢిల్లీ వీసా ఆఫీసుకు రిజిస్టర్డు పోస్టులో పంపించాం. ఫీజుకు డ్రాఫ్టు తీయడానికి కొత్తగూడెం బ్యాంకుకు నేనే వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన “గిట్ల చిల్లర ఎందుకమ్మా?” అని సణిగాడు. నేను వినలేదు. శుభమా అని పిల్ల సముద్రాలు దాటుతుంటే మన పద్ధతి మనం తప్పకూడదు.

దారిలో బస్సు జంపక్క వాళ్ళ గూడెం దగ్గర ఆగిపోయింది. మన మిరప చేలోకి పనికి వచ్చే జంపక్కే. వాళ్ళకు భూమి పండుగ. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టుకుని నిలబడతారు, పైసలిస్తే గాని బండి కదలనివ్వరు, నీకు తెలిసిందే. కండక్టరు పోయినేడు ఇచ్చినంతే ఇవ్వబోతే జంపక్క పుచ్చుకోలేదు. “రేట్లు పెరిగినయ్ సారూ, పోయినేటి లెక్క ఈయేడు నడ్వది” అంది. బస్సంతా నవ్వు. నన్ను కిటికీలో చూసి నీ సంగతి అడిగింది. “హైమ పోయే దేశంల గూడ గిట్లనే తాడు కడ్తరా అక్కా?” అంది. కడతారు, దాన్ని వీసా అంటారన్నాను. “మరి పాట పాడితే తగ్గిస్తరా?” అంది. కనుక్కుని చెప్పు.

మొన్న తొలకరి పడ్డాక తెల్లవారుజామున నీ న్యూజిలాండు కలలోకి వచ్చింది. నేను చూడని దేశం కాబట్టి అచ్చం మన అడవిలాగే ఉంది, కానీ ఎక్కడా చప్పుడు లేదు. చెట్ల కింద తెల్లటి పుట్టగొడుగులు, వాటి మధ్య చెప్పుల్లేకుండా నువ్వు. పిలిస్తే నా పిలుపు నాకే వినపడలేదు. మెలకువ వచ్చాక కూడా నా పాదాలు తడిగా ఉన్నట్టే అనిపించింది.

నువ్వు చదవబోయేది చెట్ల వేళ్ళ మీద బతికే బూజు గురించని మీ అన్నయ్య ఊరందరికీ గొప్పగా చెబుతున్నారు. బూజు కోసం అంత దూరం ఎందుకే? మన అటక మీద కావలసినంత ఉంది.

నీ వదిన
పద్మావతి


హైదరాబాదు
19 జులై 1991

వదినకు నమస్కారం.

కుశల ప్రశ్నలు ఈసారికి వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకు.

కాగితాలన్నీ తిరిగొచ్చాయి. ఫారం, మార్కుల జాబితాలు, అన్నయ్య సంతకం, నువ్వు తీసిన డ్రాఫ్టు, అన్నీ. మీదొక చీటీ పెట్టారు. కట్టిన మొత్తం, కట్టవలసిన రుసుము ఒకటి కాదట, అందుకని అసలు దరఖాస్తునే తీసుకోలేదట. తక్కువ కట్టామేమో అనుకుని డ్రాఫ్టు తీసి చూశాను. పదహారు రూపాయలు ఎక్కువ ఉంది! ఎందుకు వదినా?

అక్కడితో అయిపోలేదు. ఈ నెల మొదట్లో ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది, పేపర్లో చూసే ఉంటారు. వీసా రుసుము వాళ్ళ డాలర్లలో లెక్క కాబట్టి మన రూపాయల్లో పెరిగిపోయింది. సరైన డ్రాఫ్టు వెళ్ళి ఉంటే పాత రుసుముకే జూన్‌లో నా దరఖాస్తు నమోదయ్యేది, ఈపాటికి విమానం ఎక్కేదాన్ని. ఇప్పుడు మొదటినుంచీ కొత్త రుసుము కట్టి మళ్ళీ పంపాలి. జులై చదువు పోయింది. ఫిబ్రవరి దాకా సీటు, స్కాలర్‌షిప్పు ఆపుతామని యూనివర్సిటీ రాసింది. ఆ తర్వాత వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు.

ఇంకొక మాట కూడా అడగాలి. కళ్ళ దవాఖానాకు వచ్చిన మన ఊరి బుల్లెమ్మత్త మొన్న హాస్టల్‌కు వచ్చింది. నువ్వు వాన చూస్తూ కూర్చుని, ఆ కాగితాలు తిరిగొచ్చినా బాగుండు అన్నావట. నిజమేనా? అదే నీ మనసులో ఉంటే నాతో చెప్పొచ్చుగా, పదహారు రూపాయలు పెట్టి ఆపడం ఎందుకు?

కొత్త రుసుము నేనే కట్టుకుంటాను. నాకు ఎవరి డబ్బూ వద్దు.

హైమ


ములకలపల్లి
28 జులై 1991

చిరంజీవి హైమకు,

నీ ఉత్తరం పోస్టుమాన్ చేతిలోంచి మీ అన్నయ్యే తీసుకుని అరుగు మీద పైకి చదివారు. నీ ఉత్తరం వస్తే ఎప్పుడూ పైకే చదువుతారు, వీధిలో వెళ్ళేవాళ్ళకు వినపడాలని. పదహారు దగ్గర ఆగి నావైపు చూశారు. బుల్లెమ్మత్త దగ్గర గొంతు తగ్గించారు. ఆఖరి వాక్యం నోట్లోనే చదువుకుని, కాగితం మడిచి నా చేతికిచ్చారు.

అవును, పైన పదహారు నేనే వేయించాను. పెళ్ళిలో చదివించినా, పంతులుగారి చేతిలో పెట్టినా నూట పదహారే కదా ఇస్తాం. గుండు సున్నాతో ముగించి ఇస్తే ఆ పని అక్కడితో ఆగిపోతుందని మా అమ్మ నేర్పింది. నువ్వు వెళ్ళే పనికి సున్నాలు పెట్టి పంపడానికి నా చేతులు రాలేదు. తక్కువ ఇస్తే వద్దనేవాళ్ళను చూశాను గాని, ఎక్కువ ఇస్తే తిప్పి కొట్టేవాళ్ళు ఈ భూమ్మీద ఉంటారని నాకెలా తెలుస్తుంది? ఆ బ్యాంకాయన సరిగ్గా చెప్పి చావొచ్చుగా, చిల్లర ఎందుకమ్మా అంటే నాకేం అర్థమవుతుంది?

బుల్లెమ్మత్త చెప్పింది కూడా అబద్ధం కాదు. ఆ రోజు వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. అడవి అంతా కనపడకుండా తెల్లగా అయిపోయింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. మజ్జిగకని వచ్చిన ఆవిడ ముందు, తిరిగొచ్చినా బాగుండు, ఇంకో దీపావళి దాకా ఉంటుంది అని నోరు జారాను. మనసులో ఎన్నో అనుకుంటాం హైమా. అనుకున్నవన్నీ చేస్తామా?

పదిహేడేళ్ళకు నూజివీడు నుంచి ఈ ఇంటికి వచ్చాను. ఇక్కడి మాట తెలియదు, మనిషి తెలియదు, వాకిట్లోంచి చూస్తే అడవి. మీ అన్నయ్య నాతో మాట్లాడటానికి నెల పట్టింది. నువ్వు తొమ్మిదేళ్ళదానివి, మొదటిరోజే చాప తెచ్చుకుని నా పక్కన పడుకున్నావు. నక్క కూసినా గుడ్లగూబ అరిచినా అది ఏదో చెప్పి, భయం లేదు వదినా అని నా చేయి పట్టుకునేదానివి. నువ్వు వెళ్ళిపోతున్నావంటే నాకు బాధగా ఉండదా? ఉంది. అది నేరమా?

అన్నయ్యతో నీ మాట చెప్పాను. “సరే, కట్టుకోమను” అన్నారు. అంతే. తర్వాత నీ పేరు ఇంట్లో ఎత్తడం లేదు.

వదిన


హైదరాబాదు
25 ఆగస్టు 1991

వదినకు,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత నవ్వాను. మా హాస్టల్లో కమ్లి అని మహబూబాబాదు పిల్ల ఉంది, తండాలోంచి వచ్చి చదువుకుంటోంది. తనకు చెబితే, మీ వదిన పద్ధతే పద్ధతి, ఆ ఢిల్లీవాళ్ళకే మర్యాద తెలీదు అంది. నేను రాసిన మాటలు తప్పే. బుల్లెమ్మత్త నోటి సంగతి తెలిసి కూడా నమ్మాను, కోపంలో ఉన్నాను కాబట్టి నమ్మాలనిపించింది. క్షమించు.

కానీ అన్నయ్య విషయం నాకు అర్థమైంది. ఆయనకు నేను వెళ్ళడం ఇష్టం లేదు. ముందు నుంచీ లేదు, సంతకం పెట్టడానికి అంతసేపు పట్టిందని నువ్వే రాశావు. ఇప్పుడు నేను అన్న మాట వంకగా దొరికింది. ఆయన్ను అడగొద్దులే. ఇంటర్ పిల్లలు కొందరికి బోటనీ చెబుతున్నాను. దీపావళి వెళ్ళేసరికి కొత్త రుసుముకు సరిపోతుంది, మళ్ళీ పెంచకుండా ఉంటే. జనవరిలో పెరుగుతుందని ఒకరు, పెరగదని ఒకరు అంటున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు.

సాయంత్రం ట్యూషన్ అయ్యాక లైబ్రరీలో ఆ దేశం పుస్తకం తీసి చూస్తుంటాను. నీకొక వింత చెప్పనా? అక్కడ చంద్రుడు తలకిందులుగా కనపడతాడట. మనకు కింద ఉండే మచ్చ వాళ్ళకు పైన ఉంటుంది. మనం మామిడిపళ్ళు తినేటప్పుడు వాళ్ళు చలి కాచుకుంటారు. చదువుతూ చదువుతూ నేను ఇక్కడ ఉన్నానో అక్కడ ఉన్నానో మరిచిపోతున్నాను. లైబ్రరీ ఆయన దీపాలు ఆర్పుతూ లెమ్మంటే గాని తెలియడం లేదు.

జంపక్కకు చెప్పు, పాట పాడినా తగ్గించరట.

హైమ


ములకలపల్లి
23 నవంబర్ 1991

చిరంజీవి హైమకు ఆశీస్సులు.

నాలుగు నెలలు కావస్తోంది రాసి. మిరప నాట్లు, కలుపు, మధ్యలో జంపక్కకు జ్వరం. ఇవన్నీ సాకులు. నీ మీద కొంచెం కోపం మిగిలి ఉంది, అది పోయాక రాద్దామనుకున్నాను. దీపావళికి నువ్వు రాకపోయేసరికి ఇంకాస్త పెరిగింది. మొన్న పర్ణశాలలో పోయింది.

కార్తీక పున్నమికి వెళ్ళాం. వద్దు వద్దంటూనే మీ అన్నయ్య వచ్చారు, మోకాలితో సహా. తెల్లవారకముందే గోదావరి ఒడ్డుకు దిగాం. పొగమంచులో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు, కాళ్ళకు చల్లగా తగిలినచోట మొదలనుకోవడమే. అవతలి ఒడ్డు లేదు. పడవ తెడ్డు చప్పుడు వినపడుతోంది గాని పడవ కనపడదు. వదిలిన దీపాలు కాస్త దూరం పోయి ఆ తెలుపులో కలిసిపోతున్నాయి, ఆరిపోయాయో ఇంకా వెలుగుతున్నాయో చెప్పలేం. చంద్రుడు పడమట వాలుతున్నాడు. నువ్వు రాసింది గుర్తొచ్చి, వంగి తల తిప్పి చూశాను. నడుము పట్టేసింది. పక్కన ఉన్నావిడ పూనకం అనుకుని నా మీద పసుపు నీళ్ళు చల్లింది.

అంత నవ్వు వచ్చాక ధైర్యం కూడా వచ్చింది. మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగేశాను, చెల్లెలు వెళ్ళడం ఇష్టమా కాదా అని. నీళ్ళవైపు చూస్తూ అన్నారు: “చిన్నప్పట్నించి అది నేను వద్దంటే ఏదైనా మానేసేది. బాయిల ఈత వద్దన్న, మానేసింది. సినిమా వద్దన్న, మానేసింది. ఇప్పుడు నోరు తెరిస్తే వద్దు అనే మాటే వస్తదేమోనని తెరుస్తలేను, పద్మా. అది మానేస్తే నేను బతికినన్నాళ్ళు బాధపడాలె.”

అదీ సంగతి. మనమిద్దరం ఆయన మౌనానికి ఏవేవో అర్థాలు చెప్పుకున్నాం. ఆ మనిషి నీకు అడ్డం రాకూడదని నోరు కట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాడే కొత్తగూడెం వెళ్ళి కొత్త రుసుము ఎంతో అంతకే డ్రాఫ్టు తీసుకొచ్చారు. నీ స్నేహితురాలు కమ్లికి ఫోను చేసి రుసుము ఎంతో కనుక్కున్నారట, నాకు కూడా చెప్పకుండా! “గుండు సున్నాలే తెచ్చిన, ఇగ నువ్వు చెయ్యి పెట్టకు” అన్నారు. దీంతోపాటు పెడుతున్నాను. పంతం మాని తీసుకో.

వదిన


హైదరాబాదు
6 డిసెంబర్ 1991

వదినకూ అన్నయ్యకూ నమస్కారాలు. ఇది అన్నయ్యే పైకి చదవాలి, అందుకే ఇద్దరికీ రాస్తున్నాను.

అన్నయ్యా, నీ డ్రాఫ్టు అందేటప్పటికే నా ట్యూషన్ డబ్బులతో దరఖాస్తు పంపేశాను. నీది వచ్చేసరికి నా రసీదు కూడా వచ్చేసింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. కమ్లిని బెదిరించి తిట్టాను, మా అన్నయ్యతో మాట్లాడి నాకు చెప్పలేదేమని. చెప్పొద్దని నువ్వే ఒట్టు పెట్టించుకున్నావట.

నీ డ్రాఫ్టు నాతోనే ఉంచుకోవాలని ఉంది. కానీ అది వీసా ఆఫీసు పేరు మీద ఉంది, ఇంకెందుకూ పనికిరాదు. తిప్పి పంపుతున్నాను, అలిగి కాదు. బ్యాంకులో ఇచ్చి రద్దు చేయించుకో.

ఇప్పుడు అడుగుతున్నాను, మొదట్లోనే అడగవలసిన మాట. విమానం టికెట్టుకు నా దగ్గర డబ్బు లేదు. స్కాలర్‌షిప్పు అక్కడ చేరాకే ఇస్తారు. వీసా వస్తే నన్ను నువ్వు పంపించాలి. నాకు ఎవరి డబ్బూ వద్దు అని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

వదినా, ఆయన ముఖం ఎలా ఉందో చూసి రాయి.

హైమ


ములకలపల్లి
15 డిసెంబర్ 1991

హైమా,

చూశాను. టికెట్టు మాట రాగానే చదవడం ఆపి, అరుగు దిగి, దూడను విప్పి మళ్ళీ కట్టారు. వెంటనే లోపలికి వచ్చి, బొంబాయి నుంచి ఎన్ని గంటల ప్రయాణమని నన్ను అడుగుతున్నారు. నేనేదో నిన్ననే వెళ్ళొచ్చినట్టు!

వదిన


బొంబాయి
14 ఫిబ్రవరి 1992

వదినా,

విమానం ఇంకొన్ని గంటల్లో. అన్నయ్య స్నేహితుల ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. సముద్రం ఉందంటున్నారు గాని పొగలో కనపడటం లేదు, వాసన మాత్రం వస్తోంది. పాస్‌పోర్టులో వీసా అంటించిన పేజీ తీసి చూసి మళ్ళీ దాస్తున్నాను. ఇంత చిన్న కాగితం.

ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ కలలో గడిచినట్టున్నాయి. కొత్తగూడెం బస్టాండులో అన్నయ్య నా పెట్టె తాడు విప్పి మళ్ళీ కట్టాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరకు వచ్చి, “ఎప్పుడొస్తవు?” అన్నాడు. రెండేళ్ళే అన్నయ్యా, చదువు అవగానే వచ్చేస్తానని మాటిచ్చాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నువ్వు వెనకాల నిలబడి ఉన్నావు, నీ ముఖం నాకు సరిగ్గా కనపడలేదు.

రెండేళ్ళే వదినా.

హైమ


ములకలపల్లి
22 ఫిబ్రవరి 1992

నా హైమకు,

ఇది నువ్వు రాసిచ్చిన ఆ దేశం అడ్రసుకే పంపుతున్నాను. చేరి ఉంటావు. అక్కడిప్పుడు ఎండాకాలం పోతోందని మీ అన్నయ్య లెక్క కట్టి చెప్పారు. ఇక్కడ అడవిలో మోదుగులు పూశాయి. మధ్యాహ్నం వాకిట్లో నిలబడితే చెట్లన్నీ ఎర్రగా ఊగుతూ, చూస్తుండగానే నిద్ర కమ్ముకొస్తుంది.

నీ బొంబాయి ఉత్తరం ఆయన పైకి చదివారు. రెండేళ్ళే అన్న మాట రెండుసార్లు చదివారు. ఇప్పుడు ఊళ్ళో అందరికీ అదే చెబుతున్నారు. నీకోసం పెరటివైపు గది వేయించాలట, బూజు పెంచుకోవడానికి చల్లగా ఉండేలా. మేస్త్రీతో మాట్లాడుతున్నారు కూడా.

ఆయన నమ్మారు. నేను నమ్మలేదు హైమా. నువ్వు అబద్ధం చెప్పావని కాదు, నువ్వు నిజమనుకునే చెప్పావు. కానీ ఆ నాలుగు రోజులూ నిన్ను చూస్తూనే ఉన్నాను. నీ ఓణీలన్నీ జంపక్క కూతురికి ఇచ్చేశావు. నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళి బావి గట్టు మీద చేయి వేసి ఊరికే నిలబడ్డావు. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో అన్నీ మూతలు తీసి చూసి పెట్టావు. తిరిగి వచ్చేవాళ్ళు ఇంటిని అలా చూడరు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళయి కారెక్కే ముందు మా నూజివీడు ఇంట్లో నేను అలాగే చూశాను. పండక్కి వచ్చేస్తానని అమ్మకు నేనూ మాటిచ్చాను. వెళ్ళాను కూడా, చాలాసార్లు. కానీ వెళ్ళిన ప్రతిసారీ చుట్టంగానే వెళ్ళాను. మంచినీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చేవాళ్ళు.

నీకు చెప్పేది ఒకటే. మాటిచ్చాను కదా అని మనసు చంపుకుని రావద్దు. అక్కడ నీ పని బాగుండి, అక్కడి గాలి నీకు పడి, ఇక ఇక్కడే ఉంటే బాగుండు అని అనిపించిన రోజున నాకు రాయి, దాచకు. ఆ ఉత్తరం ఆయన చేతికి పోనివ్వను. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివి వినిపిస్తాను. అప్పటిదాకా ఆయన్ను గది కట్టుకోనీ, ఎదురుచూడనీ. ఆయనకు అది సంతోషంగా ఉంది.

నేను మాత్రం ఎదురుచూడటం లేదు. బస్టాండులో నీకు నా ముఖం కనపడలేదన్నావు. ఏడుస్తున్నాను, అందుకే వెనక్కి జరిగాను. నేను నిన్ను పంపించేశాను హైమా.

నీ వదిన
పద్మావతి